ధూల్‌పేట్ గణపతి: మట్టి, ప్లాస్టర్, చెరువు

హైదరాబాదులో మూసీ నది మీద పురానాపూల్ అనే పాత వంతెన ఉంది. దానికి దగ్గరలోనే ధూల్‌పేట్ ఉంది. ఉర్దూలో, హిందీలో ధూల్ అంటే దుమ్ము. పేరులో దుమ్ము ఉన్నా, ఆ పేటలో పనితనానికి కొదువ లేదు.

ధూల్‌పేట్‌లో లోధ్ కులస్తులు ఎక్కువ. వీళ్ళ పెద్దలు నిజాం కాలంలో ఉత్తరాదిన ఉన్న బుందేల్‌ఖండ్ నుంచి వచ్చారు. ఇక్కడ చాలా కుటుంబాలకు పండుగలే పని చూపిస్తాయి. సంక్రాంతికి పతంగులు చేస్తారు. రాఖీ పున్నమికి ఆడవాళ్ళు ఇంట్లో కూర్చొని రాఖీలు చేస్తారు. వినాయక చవితికి గణపతి విగ్రహాలు చేస్తారు. దసరాకు దుర్గమ్మ విగ్రహాలు చేస్తారు.

ఒకప్పుడు ధూల్‌పేట్ అంటే చాలామందికి గుడుంబా గుర్తుకొచ్చేది. సారా కాచే ఇంట్లో డబ్బు వస్తుంది, కానీ మనశ్శాంతి ఉండదు. పోలీసుల భయం, కేసుల భయం ఎప్పుడూ ఉంటాయి. తాగేవాళ్ళ ఇండ్లు గుల్లవుతాయి. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చాక గుడుంబా మీద గట్టి దాడులు జరిగాయి. గుడుంబా మానినవాళ్ళకు వేరే బతుకుదెరువు కావాలి. అందుకే ఇక్కడ బొమ్మల పని చిన్న పని కాదు. అది పది మంది ముందు తలెత్తుకొని చేసుకొనే పని.

ఇప్పుడు ఆ పనికి ఒక చిక్కు వచ్చింది. ధూల్‌పేట్‌లో చేసే విగ్రహాలలో ఎక్కువ భాగం ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసినవే. ఆ విగ్రహాలు చెరువును పాడుచేస్తున్నాయి. "ప్లాస్టర్ వద్దు, మట్టితో చేయండి" అని అందరూ అంటున్నారు. మాట మంచిదే. కానీ అనడం తేలిక. చేయడానికి ఏమేం కావాలి? ఎవరి వంతు ఎంత? ఆ సంగతి తెలుసుకుందాం.

మట్టి పోయి ప్లాస్టర్ ఎట్లా వచ్చింది?

పూర్వం చవితినాడు మట్టి గణపతినే పూజించేవాళ్ళు. కుమ్మరి బంకమట్టితో చిన్న బొమ్మ చేసి ఇచ్చేవాడు. కొందరు ఇంట్లోనే చేసుకొనేవాళ్ళు. 21 రకాల పత్రితో పూజ చేసి, బావిలోనో చెరువులోనో కలిపేవాళ్ళు. మట్టి మట్టిలో కలిసిపోయేది. పత్రి కుళ్ళి చెరువుకు ఎరువయ్యేది.

తరువాత పండుగ ఇంట్లోంచి వీధిలోకి వచ్చింది. మహారాష్ట్రలో 1893లో బాలగంగాధర తిలక్ గణపతి ఉత్సవాన్ని అందరూ కలిసి చేసుకొనే పండుగగా మార్చారు. హైదరాబాదులోని ఖైరతాబాదులో 1954లో ఒక అడుగు బొమ్మతో ఉత్సవం మొదలైంది. ఆ తరువాత ఏడాదికి ఒక అడుగు చొప్పున బొమ్మను పెంచుకుంటూ పోయారు. 2014 నాటికి అది 60 అడుగులు అయింది.

1980 తరువాత నగరంలో గల్లీ గల్లీకి మండపాలు పెరిగాయి. "పక్క గల్లీ బొమ్మ కంటే మాది పెద్దగా ఉండాలె" అనే పోటీ వచ్చింది. వేల బొమ్మలు కావాలి. పెద్ద బొమ్మలు కావాలి. తొందరగా కావాలి. తక్కువ ధరకు కావాలి. ఇన్ని కోరికలను మట్టి తీర్చలేకపోయింది. ప్లాస్టర్ తీర్చింది.

ప్లాస్టర్‌తో పని ఎంత తేలికో చూడండి. ముందుగా అచ్చు తయారుచేసుకుంటారు. పొడిని నీళ్ళల్లో కలిపి, కొబ్బరి పీచు జోడించి, అచ్చులోపల పూస్తారు. అది అరగంటలోపే గట్టిపడుతుంది. అచ్చు తీస్తే తెల్లటి బొమ్మ వస్తుంది. లోపల డొల్లగా ఉంటుంది కాబట్టి బరువు తక్కువ. లారీలో ఎక్కించి దూర జిల్లాలకు, పక్క రాష్ట్రాలకు కూడా పంపవచ్చు. ఒకే అచ్చుతో మళ్ళీ మళ్ళీ అదే బొమ్మ చేయవచ్చు.

కాబట్టి ధూల్‌పేట్ కళాకారులు మట్టిని వదలడానికి కారణం బద్ధకం కాదు. కొనేవాళ్ళు ఏది అడిగితే అది చేశారు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ప్లాస్టర్ నీళ్ళల్లో ఎందుకు కరగదు?

జిప్సం అనే ఒక రాయి ఉంది. దానిలో కంటికి కనపడని నీరు ఉంటుంది. ఆ రాయిని దాదాపు 150 డిగ్రీల వేడిలో కాలిస్తే ఆ నీటిలో ఎక్కువ భాగం పోతుంది. మిగిలిన పొడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. ఈ పొడికి మళ్ళీ నీళ్ళు కలిపితే, అది ఆ నీళ్ళను పీల్చుకొని తిరిగి జిప్సం రాయి అవుతుంది. అప్పుడు దానిలో సూదుల్లాంటి సన్నని పలుకులు పుడతాయి. తుమ్మకంపలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకున్నట్టు ఆ పలుకులు చిక్కుకుంటాయి. అందుకే గట్టిపడుతుంది.

అంటే ప్లాస్టర్ బొమ్మ చూడటానికి బొమ్మ, నిజానికి రాయి. రాయిని చెరువులో వేస్తే కరుగుతుందా?

కొంచెం కరుగుతుంది. ఒక లీటరు నీళ్ళల్లో సుమారు 2 గ్రాముల జిప్సమే కరుగుతుంది. లెక్క వేసి చూడండి. 10 కిలోల బొమ్మ అంటే 10,000 గ్రాములు. లీటరుకు 2 గ్రాముల చొప్పున చూస్తే 5,000 లీటర్ల నీళ్ళు కావాలి. ఒక బిందెలో 15 లీటర్లు పడతాయనుకుంటే, మూడు వందల బిందెలకు పైనే. అదీ ఒక చిన్న బొమ్మకు. నిలిచిన నీళ్ళల్లో అది కరగడానికి నెలలు పడుతుంది. కరిగిన జిప్సం కూడా ఎక్కడికీ పోదు. నీళ్ళల్లోనే ఉండి, ఆ నీళ్ళను గడుసు నీళ్ళుగా మారుస్తుంది. గడుసు నీళ్ళంటే పప్పు ఉడకని నీళ్ళు, సబ్బు నురగ రాని నీళ్ళు.

రంగుల సంగతి ఇంకొకటి. మెరిసే రంగులలో కొన్నింటిలో సీసం, క్రోమియం వంటి లోహాలు ఉంటాయి. అవి చెరువు అడుగున బురదలో చేరతాయి. అక్కడ మేసే పురుగులలోకి, పురుగులను తినే చేపలలోకి చేరతాయి.

హైదరాబాదులో ఎక్కువ విగ్రహాలు చేరింది హుస్సేన్ సాగర్‌కు. ఈ చెరువును కుతుబ్‌షాహీల కాలంలో, 1560ల్లో కట్టారు. అప్పట్లో అది నగరానికి నీళ్ళిచ్చిన చెరువు. ఇప్పుడు నిమజ్జనం తరువాత ఆ చెరువులోంచి విరిగిన చేతులు, కిరీటాలు, ఇనుప చువ్వలు క్రేన్లతో తీయవలసి వస్తున్నది. పండుగ రోజులన్నీ మొక్కిన దేవుణ్ణి ఆ తరువాత ముక్కలుగా చూడటం ఎవరికి మాత్రం ఇష్టం?

కుండ వేరు, గణపతి వేరు

"కుండ కూడా మట్టే గదా, అది నీళ్ళల్లో ఎందుకు కరగదు?" అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న.

బంకమట్టిలో చాలా సన్నని రేణువులు ఉంటాయి. అవి బల్లపరుపుగా, చిన్న చిన్న కంచాల్లా ఉంటాయి. తడి కంచాలను ఒకదాని మీద ఒకటి పెడితే జారతాయి. మట్టి రేణువులూ అట్లాగే. వాటి మధ్య నీరున్నంత సేపు జారతాయి. అందుకే తడి మట్టి మన చేతికి లొంగుతుంది. నీరు ఆరిపోతే అవి దగ్గరికి వచ్చి అతుక్కుంటాయి. మళ్ళీ నీళ్ళు పోస్తే విడిపోతాయి.

కుండను ఆవంలో కాలుస్తారు. ఆ మంటలో మట్టి గుణమే మారిపోతుంది. రేణువులు విడిపోకుండా కలిసిపోతాయి. ఆ తరువాత ఎన్ని నీళ్ళు పోసినా అది తిరిగి మట్టి కాదు. అందుకే కుండలో నీళ్ళు నిలుస్తాయి.

గణపతి మాత్రం తిరిగి మట్టి కావాలి. కాబట్టి గణపతిని కాల్చకూడదు. పచ్చిమట్టితోనే చేసి, ఆరబెట్టి, అట్లాగే నిలబెట్టాలి. అది పండుగ అయ్యేదాకా పగలకుండా ఉండాలి. పండుగ అయ్యాక వెంటనే కరగాలి. కుమ్మరి కుండకు ఆవం ఆసరాగా ఉంటుంది. విగ్రహం చేసేవాళ్ళకు ఆ ఆసరా లేదు. వాళ్ళకు ఉన్నది చేతి నేర్పు ఒక్కటే.

మట్టి విగ్రహం ఎట్లా చేస్తారు?

పెద్ద మట్టి విగ్రహాలకు పేరుపడ్డ చోటు కలకత్తాలోని కుమార్‌తులి. అక్కడ గంగ ఒండ్రు మట్టితో దుర్గమ్మను చేస్తారు. అక్కడి పనివాళ్ళు పండుగ ముందు హైదరాబాదుకు కూడా వచ్చి విగ్రహాలు చేస్తారు. ఆ పని ఇట్లా సాగుతుంది.

మొదట కర్రలతో, వెదురుతో చట్రం కడతారు. బొమ్మకు అది ఎముకల గూడు. తరువాత వరిగడ్డిని తాళ్ళతో బిగించి చుడతారు. కడుపు, చేతులు, కాళ్ళు, తొండం అన్నీ గడ్డితోనే వస్తాయి. గడ్డి బొమ్మ ఎంత బాగా వస్తే మట్టి బొమ్మ అంత బాగా వస్తుంది.

ఆ పక్కన మట్టి పని జరుగుతుంది. చెరువు మట్టిని ఎండబెట్టి, పగలగొట్టి, రాళ్ళు, వేర్లు ఏరివేస్తారు. నీళ్ళల్లో నానబెట్టి, కాళ్ళతో తొక్కుతారు. చపాతీ పిండి ఎట్లా మెత్తబడాలో మట్టి అట్లా మెత్తబడాలి. అందులో ఊకో, సన్నగా తరిగిన గడ్డో కలుపుతారు.

ఊక ఎందుకు? మట్టి పొయ్యి వేసిన ఆడవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. ఒట్టి బంకమట్టితో పొయ్యి వేస్తే ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది. నీరు పోయినకొద్దీ మట్టి ముడుచుకుంటుంది. పైభాగం ముందు ఆరుతుంది. లోపల ఇంకా తడిగా ఉంటుంది. ఆ గుంజులాటలో పగులు వస్తుంది. ఊక, గడ్డి, పీచు మట్టిని పట్టి ఉంచుతాయి. పొయ్యి వేసే అమ్మకు తెలిసిన విద్యే విగ్రహం చేసేవాళ్ళకూ పనికివస్తుంది.

ఊక కలిపిన ముతక మట్టిని మొదటి పూతగా వేస్తారు. దాన్ని ఆరనిస్తారు. ఎంత జాగ్రత్తపడినా కొన్ని పగుళ్ళు వస్తాయి. సన్నని మట్టిలో ముంచిన బట్ట పేలికలను వాటిమీద అతికిస్తారు. ఆ పైన వడగట్టిన మెత్తని మట్టితో రెండో పూత వేస్తారు. తడిచేత్తో నిమిరి నున్నగా చేస్తారు. ముఖం, వేళ్ళు, నగలు విడిగా చేసి అతికించడం కూడా ఉంది. బాగా ఆరాక సుద్దతో తెల్లపూత వేస్తారు. దానిమీద రంగులు వేస్తారు. చివరికి కండ్లు దిద్దుతారు.

ఈ పని ఎండలో పెట్టి తొందరపెడితే చెడుతుంది. నీడలో నిదానంగా ఆరాలి. కానీ చవితికి ముందు వచ్చేవి ఆషాఢం, శ్రావణం. అవి వానల నెలలు. గాలిలో తేమ ఉంటుంది. ప్లాస్టర్ అరగంటలో గట్టిపడితే, మట్టి రోజుల తరబడి ఆరదు. పైన కప్పు కావాలి. చాలా చోటు కావాలి. ఇరుకు ఇండ్ల ధూల్‌పేట్‌లో ఆ చోటే కరువు.

కోర్టు ఏమన్నది?

2020 మే నెలలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త నియమాలు చెప్పింది. ప్లాస్టర్ విగ్రహాలు వద్దని, మట్టి వంటి కరిగే వస్తువులతోనే చేయాలని ఆ నియమాల సారం. ఆ ఏడు కరోనా కష్టాలు ఉండటంతో అమలును ఒక ఏడాది వాయిదా వేశారు.

2021 సెప్టెంబరు 9న తెలంగాణ హైకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. హుస్సేన్ సాగర్‌లో ప్లాస్టర్ విగ్రహాలను నిమజ్జనం చేయరాదని చెప్పింది. తెల్లవారితే వినాయక చవితి. అప్పటికే విగ్రహాలు అమ్ముడుపోయాయి, మండపాలకు చేరాయి. దాంతో విషయం సుప్రీంకోర్టుకు పోయింది. సెప్టెంబరు 16న సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి అనుమతి ఇచ్చింది. ఇదే చివరిసారి అని కూడా చెప్పింది.

ప్లాస్టర్ విగ్రహాల కోసం నగరపాలక సంస్థ చిన్న చిన్న కొలనులు కట్టింది. పండుగ ముందు ప్రభుత్వ సంస్థలు చిన్న మట్టి గణపతులను ఉచితంగా పంచుతున్నాయి. 2022లో ఖైరతాబాదు ఉత్సవ కమిటీ మొదటిసారిగా 50 అడుగుల విగ్రహాన్ని మట్టితో చేయించింది. శిల్పి చిన్నస్వామి రాజేంద్రన్. అంత ఎత్తు విగ్రహం మట్టితో నిలబడుతుందా అన్న అనుమానం దానితో తీరిపోయింది.

పోయిన విద్య మళ్ళీ వస్తుందా?

ఒక తరం మట్టి ముట్టకపోతే ఆ విద్య చేతినుంచి జారిపోతుంది. ఏ చెరువు మట్టి మంచిది, ఎంత ఊక కలపాలి, ఎన్నాళ్ళు ఆరాలి అనేవి ఒక్కరోజులో నేర్చుకొనే సంగతులు కావు. అయినా పోయిన విద్య తిరిగి వచ్చిన చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. జపాన్ దేశంలో అట్లాంటి ఊరు ఒకటుంది.

జపాన్‌లో బిజెన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ వందల ఏండ్లుగా కుండలు, జాడీలు చేస్తున్నారు. వరిపొలాల అడుగున లోతుగా తవ్వి తీసిన మట్టి వాళ్ళ ముడిసరుకు. కుండకు పైపూత వేయరు. కట్టెలతో పది రోజులకు పైగా కాలుస్తారు. మంట, బూడిద తగిలిన చోట వాటంతట అవే రంగులు వస్తాయి. కాలం మారి పింగాణీ వచ్చింది. ఫ్యాక్టరీ సామాను వచ్చింది. బిజెన్ కుండలను అడిగేవాళ్ళు తగ్గారు. పాత పనితనం మరుగున పడింది.

అక్కడ కనెషిగె తోయో అనే కళాకారుడు ఉండేవాడు. 1896లో పుట్టాడు. మొదట్లో ఆయన పని కూడా బొమ్మలు చేయడమే. తరువాత ఆయన చూపు మూడు వందల ఏండ్ల కిందటి పాత బిజెన్ పాత్రల మీద పడింది. అవి అంత అందంగా ఎట్లా వచ్చాయని పరిశీలించాడు. మట్టిని ఎంచుకోవడం, తయారుచేయడం, కాల్చడం మళ్ళీ మొదటి నుంచి చేసి చూశాడు. పోయిందనుకున్న పనితనం తిరిగి వచ్చింది. 1956లో జపాన్ ప్రభుత్వం ఆయనను దేశ సంపదగా గుర్తించి గౌరవించింది. 1967లో ఆయన చనిపోయాడు. కానీ ఆ పని ఆయనతో పోలేదు. బిజెన్‌లో ఇప్పటికీ చాలామంది ఆ పని మీదే బతుకుతున్నారు.

దీనిలో మనం గమనించవలసింది ఒకటుంది. బిజెన్ పాత్రలు ఫ్యాక్టరీ పాత్రల కంటే చవక కాలేదు. తొందరగానూ తయారు కాలేదు. వాటి విలువ తెలిసినవాళ్ళు, ఆ ధర ఇచ్చి కొన్నారు. చేసేవాళ్ళ పట్టుదల సగం. కొనేవాళ్ళ ఆదరణ సగం. రెండూ కలిస్తేనే పాత విద్య బతికింది.

ధూల్‌పేట్ కష్టం ఏమిటి?

ధూల్‌పేట్‌లో ఇప్పుడు కొందరు ప్లాస్టర్‌తో పాటు మట్టి బొమ్మలూ చేస్తున్నారు. అందరూ ఒకేసారి మారలేరు. ఎందుకో కళాకారుడి ఇంటి లెక్క చూస్తే తెలుస్తుంది.

విగ్రహాల పని పండుగకు నెలల ముందే మొదలవుతుంది. అప్పటికి చేతికి ఒక్క రూపాయి రాదు. సరుకుకు, కూలీకి అప్పు తెస్తారు. అప్పుకు వడ్డీ పెరుగుతూ ఉంటుంది. పండుగ ముందు పది, పదిహేను రోజులలో బొమ్మలు అమ్ముడుపోవాలి. లేకపోతే ఆ ఏడాది నష్టమే. పండుగ దగ్గరపడ్డాక "ప్లాస్టర్ వద్దు" అంటే ఆ నష్టమంతా చేసినవాడి మీదే పడుతుంది. కొన్నవాడికీ, మండపానికీ ఏమీ కాదు.

మట్టి బొమ్మకు రోజులు ఎక్కువ, మనుషులు ఎక్కువ. కాబట్టి ధర కూడా ఎక్కువే. బరువు ఎక్కువ కాబట్టి దూరం తీసుకుపోవడం కష్టం. కుదుపులకు పగులుతుంది. "గింత చిన్నదానికి గంత రేటా?" అని కొనేవాళ్ళు పక్క దుకాణానికి పోతారు. అక్కడ అదే ధరకు దానికంటే పెద్ద ప్లాస్టర్ బొమ్మ దొరుకుతుంది.

అయితే మట్టికి కొన్ని లాభాలు కూడా ఉన్నాయి. అమ్ముడుపోని ప్లాస్టర్ బొమ్మ మూలన పడుతుంది. అమ్ముడుపోని మట్టి బొమ్మను నానబెడితే మళ్ళీ మట్టి అవుతుంది. దానితో వేరే బొమ్మ చేయవచ్చు. సరుకు వృథా కాదు. ప్లాస్టర్ పొడి పనిచేసేవాళ్ళ ముక్కులోకి, నోట్లోకి పోతుంది. తడి మట్టికి ఆ బాధ లేదు.

ప్లాస్టర్ విద్య కూడా పూర్తిగా పనికిరాకుండా పోదు. ప్లాస్టర్ నీటిని పీలుస్తుంది. కాబట్టి ప్లాస్టర్‌తో అచ్చు చేసి, అందులో మట్టిని ఒత్తితే, అచ్చు మట్టిలోని నీటిని లాగేస్తుంది. మట్టి కొంచెం ముడుచుకొని తేలికగా బయటికి వస్తుంది. కుండల, పింగాణీ ఫ్యాక్టరీలు ఈ పద్ధతినే వాడతాయి. చిన్న మట్టి గణపతులకు ఇది బాగా పనికివస్తుంది. అప్పుడు ప్లాస్టర్ చెరువుకు పోదు. అచ్చుగా ఇంట్లోనే ఉంటుంది. ధూల్‌పేట్ చేతులకు ఏండ్లుగా వచ్చిన అచ్చుల పనీ, రంగుల పనీ మట్టి బొమ్మకూ ఉపయోగపడతాయి.

కొనేవాళ్ళ చేతిలో ఏముంది?

చాలా ఉంది. ఇంటి గణపతిని చాలా ఇండ్లల్లో ఆడవాళ్ళే ఎంచుతారు. బస్తీ మండపానికి చందా ఇచ్చేది కూడా ఇంటి డబ్బుతోనే. కాబట్టి అడిగే హక్కు వాళ్ళకుంది.

ముందుగా చెప్పాలి. మట్టి బొమ్మ ఆరడానికి సమయం కావాలి. పండుగ వారం ముందు అడిగితే దొరికేది ప్లాస్టరే. రెండు మూడు నెలల ముందే చెప్పి, కొంత బయానా ఇస్తే, చేసేవాళ్ళకు అప్పు బరువు తగ్గుతుంది. ఆ బొమ్మ అమ్ముడుపోతుందన్న ధైర్యం కూడా ఉంటుంది.

చిన్న బొమ్మ చాలు అనుకోవాలి. బొమ్మ ఎత్తు పెరిగితే భక్తి పెరగదు. పది అడుగుల ప్లాస్టర్ బొమ్మకు పెట్టే డబ్బుతో నాలుగు అడుగుల మంచి మట్టి బొమ్మ అడగవచ్చు.

చూసి కొనాలి. "మట్టిదే" అని చెప్పినా నమ్మి ఊరుకోవద్దు. బొమ్మను తిరగేసి అడుగు భాగం చూడాలి. రంగు లేని చోట గోటితో గీరాలి. తెల్లటి పొడి రాలితే ప్లాస్టర్ కావచ్చు. మట్టి రంగు పొడి రాలితే మట్టి. అనుమానం తీరకపోతే ఆ చోట రెండు చుక్కల నీళ్ళు వేసి వేలితో రుద్దాలి. మట్టి అయితే మెత్తబడి వేలికి బురద అంటుతుంది. ప్లాస్టర్ అయితే గట్టిగానే ఉంటుంది.

రంగుల మీద మోజు తగ్గించాలి. జాజు, సుద్ద, పసుపు మన వాకిళ్ళకు, గడపలకు ఎప్పటినుంచో వాడుతున్న రంగులే. గణపతికీ అవి బాగుంటాయి. అసలు రంగే లేని మట్టి గణపతి కూడా కళగానే ఉంటాడు.

ఇంట్లోనే నిమజ్జనం చేయవచ్చు. పెద్ద గంగాళంలోనో, బకెట్‌లోనో నీళ్ళు పోసి, పత్రి, పూలు, బట్టలు తీసివేసి, చిన్న మట్టి గణపతిని అందులో ఉంచాలి. కొన్ని గంటలలో మెత్తబడి కరుగుతాడు. పెద్దదైతే ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఆ నీళ్ళు, ఆ మట్టి పూలచెట్టుకు పోయాలి. పత్రిని ఎరువుగుంటలో వేయాలి.

కోర్టు చెప్పవచ్చు, ప్రభుత్వం నియమం పెట్టవచ్చు. నియమం చెరువు కట్ట దగ్గర ఆపగలదు. కానీ ధూల్‌పేట్‌లో మట్టి తొక్కాలా, ప్లాస్టర్ కలపాలా అన్నది కొనేవాళ్ళ అడుగును బట్టి ఉంటుంది. పెద్ద బొమ్మ కావాలని అడిగి ప్లాస్టర్ చేయించింది కొనేవాళ్ళే. మట్టి బొమ్మ కావాలని ముందుగా అడిగి, కష్టానికి తగిన ధర ఇస్తే, దాన్ని చేసే చేతులు ధూల్‌పేట్‌లో ఉన్నాయి. అప్పుడు చెరువూ బతుకుతుంది, ఆ ఇండ్లలో పొయ్యీ వెలుగుతుంది.

కొత్త మాటలు

జిప్సం: ప్లాస్టర్ పొడి తయారుచేసే రాయి.
ఒండ్రు: నీళ్ళతో కొట్టుకొచ్చి నిలిచిన మెత్తని మట్టి.
ఆవం: కుండలు కాల్చే చోటు.
చట్రం: బొమ్మ లోపల నిలబెట్టే కర్రల గూడు.
బయానా: పని మొదలుకాకముందు ఇచ్చే డబ్బు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. కుండ నీళ్ళల్లో కరగదు. పచ్చిమట్టి బొమ్మ కరుగుతుంది. ఎందుకు?
2. ఒక లీటరు నీళ్ళల్లో 2 గ్రాముల జిప్సం కరిగితే, 4 కిలోల బొమ్మ కరగడానికి ఎన్ని లీటర్ల నీళ్ళు కావాలి?
3. పండుగ ముందురోజు ప్లాస్టర్ వద్దంటే ఎవరికి నష్టం? ఆ నష్టం రాకుండా ఏం చేయాలి?
4. మీ బస్తీలో ఈసారి బొమ్మ ఎవరు తెస్తున్నారు? ఎంత ఎత్తు? దేనితో చేసింది? ఇప్పుడే అడిగి తెలుసుకోండి.